గేటు దగ్గర ఆగే గుర్రం

"గుర్రం గుర్రం టకటక,
ఇంటి దారి నీకెరుక,
ఎక్కినోళ్లని దించాక..."

ఆ తరవాత ఏముందో గుర్తు రావడం లేదు. మా అమ్మమ్మ నన్ను మోకాళ్ల మీద కూచోబెట్టుకుని, ఊపుతూ పాడేది.

అమెరికాలో పాత పద్ధతుల్నే పట్టుకుని బతికే మా ఆమిష్ మతం వాళ్లకి కార్లుండవు. పందేల్లో పరిగెత్తి అలిసిన స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలే మా బగ్గీలు లాగుతాయి. ఆ చలికాలం మా ముసలి గుర్రం చచ్చిపోయింది. చూస్తే కూతురు ఆల్టాకి నెలలు నిండాయి, అల్లుడు వడ్రంగం పనికి దూరం పోయాడు. గుర్రాల వేలం దాకా ఆగే వీలు లేక, పక్క పొలం డీనా దగ్గరికి పోయాను.

నేను గుర్రం నోరు తెరిచి చూస్తుంటే డీనా నవ్వింది. "మనిద్దరి పళ్లూ కలిపినా దానికే ఎక్కువుంటాయిలే సలోమక్కా. తోలుకుపో."

"ఇంత మంచిదాన్ని ఎందుకమ్ముతున్నావే?"

నవ్వు ఆగిపోయింది. "మా గేటు ముందుకి రాగానే ఆగుతుంది. మా ఆయన మెన్నో గేటు మూయడానికి దిగేవాడు కదా... మళ్లీ ఆయనెక్కి, బగ్గీ కుంగితే గానీ కదిలేది కాదు. ఆ రోజు దిగిన మనిషి అక్కడే గుండాగి పడిపోయాడు. ఇది ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. నువ్వు దిగి మళ్లీ ఎక్కు, పోతుంది." గొంతు తగ్గించింది. "ఎవర్నీ పిలవకు మాత్రం."

వారం తిరక్కుండానే, దీపాలు పెట్టే వేళకి ఆల్టాకి నొప్పులొచ్చాయి. రక్తం కూడా. మంత్రసాని ఇంటికి డీనా గేటు మీదుగానే పోవాలి. దుప్పట్లు చుట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని తోలాను. మంచు కురుస్తోంది. గిట్టల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. తడి తోలు వాసన, కిరసనాయిలు వాసన... వాటి అడుగున రక్తం వాసన.

గేటు దగ్గర గుర్రం ఆగింది.

దిగబోయాను. ఆల్టా నా చెయ్యి వదల్లేదు. "అమ్మా, పోకే..." వేళ్లు విడదీయబోతే అరిచింది. పగ్గాలు విదిలించాను. బతిమాలాను. కొట్టాను. కదల్లేదు. దుప్పటి తడిసిపోతోంది...

దారిలో నడిచేవాళ్లని ఎక్కించుకోకుండా పోవడం మాలో లేదు. ఆ నోటి అలవాటో, ఒళ్లు తెలియకో... చీకట్లోకి కేకేశాను.

"ఎక్కు మెన్నో! ఎక్కు నాయనా, నా బిడ్డ పోతోంది!"

మంచులో అడుగులు... నింపాదిగా.

గేటు మూసిన చప్పుడు.

బగ్గీ ఎడం పక్కకి ఒరిగింది. సీటు కుంగింది. తడిసిన ఉన్ని కోటు వాసన. నేను తల తిప్పలేదు.

గుర్రం దౌడు తీసింది. పందెంలో కూడా అలా పరిగెత్తి ఉండదు.

మంత్రసాని లాంతరు పట్టుకుని ఎదురొచ్చింది. మనవరాలు బతికింది. ఆల్టా తెల్లారేదాకా కూడా ఉండలేదు.

ఇప్పుడా గుర్రం డీనా గేటు దగ్గర ఆగదు. మంత్రసాని ఇంటి ముందు ఆగుతుంది. కాసేపటికి బగ్గీ కుంగుతుంది... కొంచెమే, ఒక ఆడపిల్ల బరువంత. అప్పుడు కదులుతుంది. ఇంటికొచ్చాక ఎవరైనా దిగిన చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి నేనూ మంత్రసానీ పట్టుకుని బగ్గీలోంచి కిందకి దించుతుంటే, ఆల్టా నా చెవి దగ్గరికి మొహం తెచ్చింది. అదే దాని ఆఖరి మాట.

"అమ్మా... నన్నెక్కడ దించాలని ఆయన అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావమ్మా?"