కొత్త మిషను మీద బొట్టు

“చదువుకున్నదానివేనా నువ్వు? కొత్త మిషనుకు బొట్టు పెట్టనికి ఇంటికొచ్చేదాంక ఆగలేకపోయినవా? ఏం కొంప మునిగిందే నీకు!”

సింగపూర్‌లో విమానం ఎక్కినప్పటి నుంచి శంషాబాద్‌లో దిగి ఇంటి గుమ్మం చేరేదాకా ఇదే మాట... గుమ్మం దాటాక కూడా ఇదే మాట! శ్రావణ్‌కుమార్ పెట్టెలు దింపుతూ అన్నాడు, చెప్పులు విప్పుతూ అన్నాడు, అక్క అరుణ ఇచ్చిన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతూ మళ్ళీ అన్నాడు. శోభ తల వంచుకుని వింది. జవాబిచ్చే ఓపిక కూడా లేదామెకు. ప్రయాణపు బడలిక అయితే ఒక కునుకు తీస్తే పోతుంది. చెయ్యని తప్పుకు మాటలు పడీ పడీ వచ్చిన ఈ అలసటను ఎక్కడ దించుకోవాలి?

ఆరాంఘర్ దగ్గర శ్రావణ్‌కు రంగుల దుకాణం ఉంది. ఆ ఏడాది అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా సింగపూర్ తీసుకుపోయారు. శ్రావణ్ తన తల్లి రేణుకమ్మకు కూడా సొంత డబ్బుతో టికెట్ కొన్నాడు. తాము నాట్లేసిన పొలం రన్‌వే కిందికి పోయిందని, నెత్తి మీద విమానం పోయినప్పుడల్లా నిట్టూర్చే మనిషి! ఆమెను ఒక్కసారైనా విమానం ఎక్కించాలని కొడుకు ఆశ.

బయల్దేరకముందే అనుకున్నట్టు, అక్కడే శోభకు ఎంబ్రాయిడరీ కుట్టే మిషను కొన్నాడు. ఆ దేశంలో కొన్న వస్తువును మన దేశానికి తెచ్చుకుంటే, బిల్లులో వేసిన పన్ను విమానాశ్రయంలో తిరిగి ఇస్తారట. కాకపోతే వస్తువును కొన్నది కొన్నట్టుగా, వాడకుండా చూపించాలి. ఈ సంగతి అందరికంటే ముందు కనుక్కుని, తోటి డీలర్లకు పాఠం చెప్పినవాడు శ్రావణే. ఆ వచ్చిన డబ్బుతో అక్కకు మంచి గడియారం తెస్తానని ఫోనులో మాట కూడా ఇచ్చేశాడు!

తీరా సింగపూర్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర పెట్టె విప్పితే... మిషను నుదుటి మీద మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ బొట్టు, అట్టపెట్టె అడుగున అక్షింతలు! అధికారి పెదవి విరిచాడు. ఇది వాడిన వస్తువు, దీనికి వాపసు రాదన్నాడు. శ్రావణ్ జేబురుమాలు తీసి గబగబా రుద్దాడు. తెల్లటి మిషను మీద పసుపు ఊరికే పోతుందా! సగం చెరిగి సగం మిగిలింది. వెనక వరసలో డీలర్లు ముసిముసిగా నవ్వుతున్నారు.

“ఎవలు పెట్టిన్రిది?” అని పళ్ళు నూరాడు.

చూడగానే శోభకు తెలిసిపోయింది, అది ఎవరి చెయ్యో! మూడో గీత పొట్టిగా ఉంది. ఎప్పుడో వరికోతల్లో కొడవలి తగిలి అత్తగారి ఉంగరపు వేలు వంకరపోయింది. రేణుకమ్మ ఏ గడపకు పసుపు పూసినా మూడో గీత అలాగే పడేది. మామగారు దశరథం పోయాక ఆమె పసుపు ముట్టుకోవడమే మానేసింది... కాదు, మాన్పించారు! శోభ దూరంగా సామాన్ల దగ్గర కూర్చున్న అత్తగారి వైపు చూసింది. ఆమె కొంగు ముడిని గుప్పిట్లో దాచుకుంటోంది.

“నేనే పెట్టిన,” అంది శోభ.

అంతే... దారి పొడవునా తిట్లు! ఆ తిట్లు వింటూ రేణుకమ్మ విమానంలో మెతుకు ముట్టలేదు.

ఇప్పుడు అరుణ పెట్టె విప్పి ముఖం చిట్లించింది. గడియారం రాలేదన్న కినుక ఎలాగూ ఉంది. “చెరిగిన బొట్టు ఇంట్ల ఉండొద్దు. తుడిచేస్త, మళ్ళ మంచిగ పెడ్త,” అంటూ తడిగుడ్డ తెచ్చింది.

“వద్దు వదినె!” శోభ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరగరు!

“ఏంది వద్దు? ఇంత నష్టం చేసి ఇంక మొండితనమా?” శ్రావణ్ లేచాడు.

“దాన్ననకు కొడకా... అది పెట్టింది నేను!”

గుమ్మంలో రేణుకమ్మ నిలబడి ఉంది. కన్నీళ్ళు ధారకడుతున్నాయి.

“అమ్మా! నువ్వెట్ల పెట్టినవే?” అరుణ నోరు తెరిచింది.

“మీ తమ్ముడూ ఇదీ బువ్వ తిననికి కిందికి పోయిన్రు. రూముల నేనొక్కదాన్నే ఉన్న. ఇంటికొస్తే నన్ను పక్కకు కూసోమంటరు, నువ్వొచ్చి పెడ్తవు. మీ బాపు పోయినకాడికెల్లి ఒక్క కొత్త వస్తువుకన్న నా చెయ్యి తాకనిచ్చిన్రా? బాపు దవాఖానల ఉన్నన్నాళ్ళు ఈ పిల్ల కాళ్ళు వాచేదాంక మిషను తొక్కి ఇల్లు నడిపింది. దాని మిషనుకు నేను పెట్టొద్దా బిడ్డా? ఆ దేశంల నేను ముండమోసినదాన్నని ఎవలకు ఎరుక... అందుకే కొంగున కట్టుకపోయిన పసుపు కుంకుమ, అక్షింతలు తీసి పెట్టిన. గిట్లయితదని నాకేమెరుక! కొడకా, నువ్వు దాన్ని తిడుతుంటే నోరు తెర్వనికి భయమైంది...”

“నాకు ముందే చెప్తే ఏమైతుండెనే?” అన్నాడు శ్రావణ్.

“ఏమైతుండె? నన్ను గూడ అందరి ముందట గట్లనే అంటుంటివి.”

శ్రావణ్ జేబులోంచి రుమాలు తీసి చూశాడు. పసుపు మరక ఇంకా పచ్చగానే ఉంది. తుడిచింది తల్లి చేతి బొట్టు! భార్య ముఖం చూడలేక కుర్చీలో కూలబడ్డాడు. “శోభా... నన్ను తిరిగి ఒక్క మాటన్న అనకపోతివి,” అన్నాడు.

మొగుడి పశ్చాత్తాపం వినడానికి కూడా అప్పుడు శోభకు ఓపిక లేదు. దేవుడి గూటిలోంచి పసుపు గిన్నె, కుంకుమ భరిణె తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టింది.

“సగం చెరిగింది అత్తమ్మా. నిండుగ పెట్టు.”

రేణుకమ్మ బెదురుగా కూతురి వైపు చూసింది. అరుణ తడిగుడ్డ పక్కన పడేసింది. తరవాత పక్కకు జరిగి తల్లికి చోటిచ్చింది.

రేణుకమ్మ వేళ్ళు పసుపులో ముంచింది. మిషను మీద మూడో గీత పొట్టిగానే పడింది.