నేలచూపుల లైట్లు

జువ్వలదిన్నెకి ఇవతల, ఉప్పుకాలవ వెంబడి ఉండే రొయ్యల గుంటల మధ్య ఒక కట్ట ఉంది. దాన్ని మోకాళ్ళ కట్ట అంటారు. పొద్దుగూకినాక దానిమీదికి ఎక్కేవాళ్ళు తక్కువ.

ఎప్పుడో తుఫానులో వెంకయ్య అనే కాపలా మనిషి అక్కడ పోయినాడు. తెల్లారి చూస్తే మోకాళ్ళ దాకా బురదలో దిగబడి, నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడంట. మనిషిని పైకి లాగి సాగనంపినారు గానీ, కాళ్ళు మాత్రం ఆ కట్టని వదల్లేదని చెప్పుకుంటారు. ఒంటరిగా పోయేవాడి ముందర రెండు కాళ్ళు నడుస్తాయంట. మోకాళ్ళ దాకానే. ఆపైన ఏమీ ఉండదు...

నేను చూడలేదు. రోజారమణక్క చూసింది. ఆమె నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తా, వినండి.

అక్కా, ఆమె మొగుడు పెంచలకృష్ణా ఆ కట్ట చివర ఒక గుంట కౌలుకి తీసుకున్నారు. ఒక పాత కారు ఉండేది. వెనక సీట్లు పీకేసి రొయ్య పిల్ల సంచులు వేసుకొచ్చేవాళ్ళు. బోగోలు రోడ్డులో ఒకసారి ఆ కారు బర్రెని గుద్దింది. బంపర్ బాగుచేసినవాడు లైట్లు ఎట్టా బిగించినాడో ఏమో, రెండూ తలొంచుకుని నేలచూపులు చూసేవి. అందులోనూ కుడిపక్కది పేరుకే వెలుగు. నాలుగు బారల అవతల అంతా చీకటే. హై బీమ్ నొక్కితే అసలు వెలగదు.

"బావా, ఆ లైట్లు ఎత్తించు" అని అక్క పది రోజులు పోరింది.

"రేపు చూద్దాం లేమే. మన గుంటకి నేను కళ్ళు మూసుకుని పోతా" అనేవాడు ఆయన.

ఆయనతో కాదని, అక్క కావలిలో టాక్సీ నడిపే తమ్ముడికి ఫోన్ చేసి అడిగింది. బానెట్ ఎత్తితే లైటు వెనక ఒక మర ఉంటుంది, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే లైటు లేస్తుందని చెప్పినాడు. స్క్రూడ్రైవర్ కొని కార్లో పడేసింది. చేయడానికి తీరిక మాత్రం దొరకలేదు.

పోయిన వేసవి. అమావాస్య ముందురోజు. పగటి ఎండకి రొయ్య పిల్ల చస్తుందని రాత్రి పూటే తోలతారు. సంచులన్నీ ఎక్కించుకుని, కట్ట మొదటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. సంచుల్లో పిల్లకి నింపిన గాలి తెల్లారే దాకానే. ఆలోపల గుంటలో వదలాలి.

కట్ట ఎక్కినారు.

ఆ కట్ట మీద ఒక్క కారే పడుతుంది. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. ఎక్కినాక చివరిదాకా పోవాల్సిందే. రెండు పక్కలా గుంటల్లో రొయ్యలకి గాలి ఆడేదానికి పెట్టిన ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతా ఒకటే మోత. దోమలకి భయపడి అద్దాలు ఎక్కించుకున్నారు. కారు లోపల ఉక్క... సంచుల నుంచి ఉప్పు వాసన...

సగం దూరం వచ్చినారో లేదో —

"బావా" అనింది అక్క.

లైటు పడే చోట, ఎర్రమట్టి మీద, రెండు కాళ్ళు.

మోకాళ్ళ దాకానే ఉన్నాయి. తడిసి, బురద కొట్టుకుని. ఆపైన నల్లటి చీకటి.

పెంచలకృష్ణ బ్రేకు తొక్కినాడు. కారు ఆగింది. కాళ్ళు ఒక్క క్షణం ఆగి... వీళ్ళ వైపుకి రెండు అడుగులు వేసినాయి.

"ఆపకూడదు" అన్నాడు ఆయన. "ఆపితే ఎక్కి కూర్చుంటుంది. మా నాయన చెప్పినాడు... ఆపకూడదు."

కారు ముందుకి దూకించినాడు. కాళ్ళు ఎగిరి వెనక్కి పోయినాయి. కారు ఎంత ముందుకి పోతే అవి అంత వెనక్కి. అప్పుడు చూసింది అక్క. నడక అటు వైపు. కాలివేళ్ళు మాత్రం ఇటు... తమ వైపే!

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పటి నుంచి విన్న మాటే. ఇప్పుడు కళ్ళతో చూసింది.

"వెనక్కి పోదాం బావా..."

"ఎట్టా పోతామే? వెనక ఏం కనపడుతుంది? అంగుళం తప్పితే గుంటలోకి పోతాం!"

ముందుకి పోలేరు. వెనక్కి పోలేరు. తలుపు తీస్తే జానెడు కట్ట, ఆపైన నీళ్ళు. ఇనప్పెట్టెలో పెట్టి మూత వేసినట్టు అయిపోయింది వాళ్ళ పని. మళ్ళీ ఆగినారు. మళ్ళీ ఆ కాళ్ళు దగ్గరికి వచ్చినాయి. మళ్ళీ కారు దూకింది. కాళ్ళు తడబడినాయి, పడబోయి నిలదొక్కుకున్నాయి. పక్కకి మాత్రం తప్పుకోవు. కారుకి నడిమధ్యన, అడ్డంగా...

"గుద్దేస్తా" అన్నాడు పెంచలకృష్ణ ఉన్నట్టుండి. మొగుడి గొంతు అట్టా ఉంటుందని అక్కకి అప్పటిదాకా తెలియదంట. "గుద్దితే పోతుంది. గట్టిగా పట్టుకో."

గేరు మార్చినాడు. ఇంజిన్ గీపెట్టింది.

ఆ క్షణంలో అక్క చూపు ఎడమ పాదం మీద పడింది. బొటనవేలు పక్కన కోసుకుపోయింది. గవ్వపెంకు చీరితే చీరినట్టు. దాంట్లోంచి కారుతా ఉంది... ఎర్రగా. అడుగు పడిన చోటల్లా మట్టి మీద ముద్ర పడుతోంది.

దెయ్యానికి నెత్తురెక్కడిది?

ఆలోచించలేదు. హ్యాండ్ బ్రేకు రెండు చేతులా పట్టి లాగింది. కారు ఎగిరిపడి ఆగిపోయింది. తాళం పీకి జాకెట్లో దోపుకుంది. లైట్లు మాత్రం వెలుగుతానే ఉన్నాయి.

"పిచ్చిదానా! ఇయ్యి!"

"ఇయ్యను. మొహం చూడందే కారు కదలదు."

బానెట్ మీట లాగి, స్క్రూడ్రైవర్ తీసుకుని దిగింది. తలుపుని ఆనుకుని, కారుని పట్టుకుని, అడుగు వెంబడి అడుగు ముందుకి పోయింది. లోపల పెంచలకృష్ణ దేవుళ్ళందరినీ పిలుస్తున్నాడు. బానెట్ లేచేసరికి ఆయనకి ఇక ఆ రేకు తప్ప ఏమీ కనపడలేదు. పెళ్ళాం ఉందో లేదో కూడా.

ఏరియేటర్ల మోతలో ఇంకో శబ్దం వినపడింది అక్కకి. మాట కాదు. గాలి చీల్చుకుని వచ్చినట్టు — హా... హా... అని.

తడిమి తడిమి ఎడమ లైటు మర పట్టుకుంది. తిప్పింది.

లైటు ఇంకా కిందికి దిగింది. కాళ్ళు మాయమైపోయినాయి!

ఇప్పుడు అవి ఎక్కడున్నట్టు? అక్కడేనా... పక్కకి వచ్చినాయా... తల ఎత్తలేదు. మరని రెండో వైపుకి తిప్పింది. ఒక చుట్టు. రెండు. మూడు.

వెలుగు మట్టి మీద పాకతా పోయింది. పాదాలు దొరికినాయి. పిక్కలు. మోకాళ్ళు...

మోకాళ్ళ మీద ఎగ్గట్టిన లుంగీ.

తడి చొక్కా. అడ్డంగా చాపిన రెండు చేతులు. ఆపైన మొహం. నోరు తెరుచుకుని ఉంది, మాట రాకుండా అరుస్తా.

జడ్సన్! పక్క గుంటల్లో ఏరియేటర్లు బాగుచేసే జడ్సన్.

అతని వెనకాల, మడమలకి మూరెడు దూరంలో, కట్ట లేదు. నల్లటి నీళ్ళు సుడి తిరగతా కాలవలోకి పోతున్నాయి.

"తూము కాడ తెగిందక్కా" అన్నాడు. గొంతు పూర్తిగా పోయింది, పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. "నా బండి దాంట్లో పోయింది. ఫోనూ పోయింది. ఎంత అరిచినా అద్దాలు దించరే..."

"పక్కకి దూకొచ్చు గదా జడ్సనూ! గుద్దేసి ఉంటేనో?"

అతను తిరిగి ఆ నీళ్ళ వైపు చూసినాడు.

"నేను దూకితే మీకు అడ్డం ఎవరుండారక్కా?"

తెల్లారినాక మనుషులొచ్చి, సంచులు తలకెత్తుకుని, చుట్టు తిరిగి గుంటకి చేర్చినారు. రొయ్య పిల్ల సగం పైన బతికిందంట. అక్క ఆ మాట ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది. మళ్ళీ మళ్ళీ చెప్పేది ఇంకొకటి.

బానెట్ పక్కనించి తొంగిచూసిన పెంచలకృష్ణ, ఆ తెగిన చోటుని చూసి, దిగి వచ్చి కట్ట మీద కూలబడినాడంట. జడ్సన్‌ని కూర్చోబెట్టి, నెత్తురు కారే ఆ కాళ్ళు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని, తువ్వాలు చించి కట్టు కడతా, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడంట.

"కనపళ్ళేదురా అబ్బయ్యా... నువ్వు నాకు కనపళ్ళేదు" అని.