నీళ్ళ బంతిలో మచ్చ

2008 వానాకాలం. కుప్పంలోని ఒక ఆసుపత్రిలో మెదడు జబ్బులు చూసే డాక్టర్ కమలాక్షికి పూలమ్మ కేసు కొరుకుడు పడలేదు.

పుంగనూరు నుంచి మూర్ఛలతో వచ్చిన ముసలామె. మదనపల్లెలో తీసిన స్కాన్‌లో మెదడుకు ఎడమపక్క మచ్చ కనిపించింది. ఈ జబ్బున్నవాళ్ళకు మచ్చ అక్కడే ఉంటుందని కమలాక్షి చదివిన పరిశోధనలన్నీ చెప్పాయి. కుప్పంలో తీస్తే మచ్చే లేదు. మళ్ళీ తీస్తే కుడిపక్కకు వచ్చింది. మిగతా రోగులదీ ఇదే వరస. ఏ ఫలితమూ రెండోసారి నిలవడం లేదు.

పూలమ్మ కొడుకు నరేంద్ర నిలదీశాడు. "ఉండాదా లేదా సెప్పండమ్మా. తల కోయించాల్నా, ఇంటికి పిల్సుకపోవాల్నా?"

కమలాక్షికి ఒళ్ళు మండిపోయింది. ఫిల్ములన్నీ బల్లమీద విసిరికొట్టి, మధ్యాహ్నం టెక్నీషియన్ జయచంద్రను పిలిచింది.

"ఈసారి మనిషి వద్దప్పా. నీళ్ళ బంతి పెట్టు. తప్పు మిషన్‌దో నాదో తేలిపోవాల."

మిషన్ సరిచూసుకోవడానికి వాడే ప్లాస్టిక్ బంతి అది. నిండా నీళ్ళు. తెరమీద తెల్లటి గుండ్రం తప్ప ఇంకేమీ రాకూడదు.

కిటికీలు లేని గది. ఏసీ చలి, స్పిరిట్ వాసన. అద్దానికి అవతల మిషన్ టకటకా కొట్టుకుంటోంది. తెరమీద గుండ్రం వచ్చింది. అందులో సన్నగా గీతలు... మడతలు...

మెదడు. ఎడమపక్క మచ్చ.

"ముసలామె పాత బొమ్మ తెరిచినావా?"

"లేదమ్మా." జయచంద్ర తెరను వేలితో చూపించాడు. "ఇది ఇప్పుడొస్తాండేదే."

ఆమె తలుపు తీసి చూసింది. పూలమ్మ వరండాలో కొడుకు పక్కన కూర్చుని బన్ను తింటోంది.

మళ్ళీ తీయించింది. అదే మచ్చ. మూడోసారీ అదే చోట, అంతే సైజు. ఇన్నాళ్ళూ ఏ మనిషి తలలోనూ రెండుసార్లు నిలవనిది ఉత్త నీళ్ళలో నిలిచింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి ఆమెకు.

అప్పుడు చూసింది. మెదడుకు ముందు రెండు కనుగుడ్లు. మొదటి బొమ్మలో తిన్నగా ఉన్నాయి. మూడోదాంట్లో... పక్కకు తిరిగి ఉన్నాయి. అద్దం వెనక వాళ్ళిద్దరూ కూర్చున్న వైపు.

"ఆపెయ్," అంది గుసగుసగా.

"ఆపేసినానమ్మా... అప్పుడే."

నిజమే. టకటక ఆగిపోయింది. తెరమీద మాత్రం బొమ్మలు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. కమలాక్షి ఊపిరి బిగబట్టింది. చప్పుడు కాకుండా లేచి, గదిలో ఇంకో మూలకు జరిగింది.

తర్వాతి బొమ్మలో కళ్ళు... ఆ మూలకే తిరిగాయి.