వడ్డించేవాళ్ళ కూలి

"ఆకుకు రెండొందల అరవై అన్నారు కదా? ఇంగ ఈ సర్వీస్ ఛార్జి యాడనుంచి వచ్చింది?"

నేత్రావతి కొటేషన్ కాగితం మీద ఆ వరుస కింద గోటితో గీత గీసింది. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న కేటరింగ్ ఆఫీసు బయట పొద్దుటి నుంచీ వాన పడుతూనే ఉంది.

"ఆకు రేటు సరుకుకు, వంటకు మేడమ్," అన్నాడు ఆ కేటరింగ్ నడిపే జయరాం. "వడ్డించేవాళ్ళు పదహైదు మంది. మనిషికి ఎనిమిది వందలు. అది వేరే."

"ఫోన్‌లో చెప్పలేదే?"

"మీరు అడగలేదే."

"అడగకపోతే చెప్పరా?"

జయరాం కాగితం తన వైపు లాక్కున్నాడు. "తప్పు నాదే. అన్నీ రాసిస్తాను చూడండి. పాత్రల బాడుగ, వ్యాను ఆరు వేలు. ఇంగొకటి, మూడొందల ఆకులని చెప్పి రెండొందల మందే వచ్చినా లెక్క మూడొందలకే. మళ్ళీ మోసం చేసినాడనకండి."

"మొదులే ఇట్లా చెప్పుంటే గొడవే లేదు కదా."

"గొడవ లేకుంటే మీరు ఇంతసేపు కూర్చోరు కదా!"

అతని నోరు జారింది. ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తూనే అతను అడిగాడు. "పెళ్ళి ఎవురికి మేడమ్? మీ చెల్లెలికా?"

"నాకే."

జయరాం తల వంచుకుని రసీదు రాయడం మొదలుపెట్టాడు.

నేత్రావతి తండ్రి బంగారు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి నాలుగేళ్ళ కిందట పోయాడు. తల్లి చిక్కమ్మ బట్టలు కుడుతుంది. ఊరిగాంలో గని కార్మికుల లైన్లలోని ఇంటి నుంచి నేత్రావతి రోజూ తెల్లవారే రైలెక్కి, బెంగుళూరులో ఒక ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌కు పోయి వస్తుంది. ఆ జీతంలో దాచిందే నలభై వేలు అడ్వాన్సుగా కట్టింది.

పెళ్ళి రెండు వారాలుందనగా మాలూరు నుంచి పెళ్ళికొడుకు పురుషోత్తమ్ ఫోన్ చేశాడు. తమవైపు ఇంకో రెండు వందల మంది వస్తారట. నేత్రావతి లెక్క వేసింది. ఆకులకు యాభై రెండు వేలు, వడ్డించడానికి ఇంకో పది మంది, మొత్తం అరవై వేలు. ఖర్చంతా వివరంగా రాసి అతనికి పంపి, కింద ఒక్క మాట చేర్చింది. 'ఇందులో సగం మీరు పెట్టుకోండి.'

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు మధ్యవర్తి మునిశామప్ప ఇంటికి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"వాళ్ళు వద్దంటాండారు చిక్కమ్మా. పెళ్ళికి ముందే లెక్క రాసి పంపిన పిల్ల, రేపు ఇంట్లో ఊరుకుంటాదా అంటారు."

చిక్కమ్మ కుడుతున్న బట్ట పక్కన పడేసింది. "ఆ చీటీ ఏల పంపినావే" అని ఆ రోజంతా అదే మాట. నేత్రావతి పురుషోత్తమ్‌కు మూడుసార్లు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు.

మరునాడు ఆమె తడుస్తూనే కేటరింగ్ ఆఫీసుకు వెళ్ళింది. "పెళ్ళి లేదు. అడ్వాన్సులో ఎంతొస్తాది?"

జయరాం కారణం అడగలేదు. "పదహైదు రోజుల లోపల క్యాన్సిల్ అయితే ఏమీ రాదని రసీదులోనే ఉండాది. కానీ సరుకు ఇంకా కొనలేదు. వడ్డించేవాళ్ళు మాత్రం మీ పెళ్ళి ఉందని ఆ రోజుకు వేరే పని ఒప్పుకోలేదు."

"వాళ్ళ పన్నెండు వేలు పట్టుకోండి. వాళ్ళేం చేసినారు పాపం?"

అతను ఇరవై ఎనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చాడు.

"మరి మీ నష్టం?"

"అది నేను చూసుకుంటాను."

ఆమె డబ్బు సంచిలో పెట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళి, అక్కడే కూర్చుని ఏడ్చింది. జయరాం బయటికి వచ్చాడు. షట్టరు సగం దించి, వీధిలో వాళ్ళకు ఆమె కనిపించకుండా అడ్డంగా వానలో నిలబడ్డాడు.

పెళ్ళి జరగవలసిన రోజు సాయంత్రం జయరాం ఊరిగాంలో వాళ్ళింటికి వచ్చాడు. చేతిలో కవరు.

"బూదికోటలో ఒక గృహప్రవేశం దొరికింది. మావాళ్ళకు కూలి అక్కడే వచ్చేసింది. ఈ పన్నెండు వేలు మీవి."

నేత్రావతి కవరు వైపు చూసింది. "నా మీద జాలా?"

"జాలి కాదు, లెక్క. జాలి అయితే కవరిచ్చి పోయుందును. నేను పోలేకుండా ఉండాను." కవరు ఆమె చేతిలో పెట్టాడు. "ఆ రోజు 'నాకే' అన్నారే, అప్పుడే మనసు చివుక్కుమనింది. ఇది చెప్పే రోజు కాదు, తెలుసు."

"కాదు," అందామె. "ఈ పొద్దు నాకు ఏ మాటా చెవికెక్కదు."

"చెవికెక్కినప్పుడే చెప్పండి."

ఆ వానకాలమంతా లైన్లలో ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. ఆదివారాల్లో మాత్రం జయరాం ఫోన్ చేసేవాడు. ఎక్కువగా వంకాయల ధర, వ్యాను రిపేరు, ఎవరో సాంబారు మాడబెట్టిన సంగతి. ఆమె వింటూ ఉండేది. కార్తీకంలో ఒక ఆదివారం ఫోన్ రాలేదు. చీకటి పడేదాకా చూసి తనే చేసింది.

"జ్వరం," అన్నాడు.

"చెప్పకూడదా? పొద్దుటి నుంచి నాకు ప్రాణం ఎట్లా ఉండాదో మీకేం తెలుసు?"

అవతల అతను లేచి కూర్చున్నట్టు మంచం కిర్రుమంది. తరువాత మెల్లగా, "ఇంగొకసారి చెప్పు," అన్నాడు.

మిషను దగ్గరున్న చిక్కమ్మ కుట్టడం ఆపింది. లేచి వచ్చి కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. నేత్రావతి ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"అప్పా జయరాం, జ్వరం తగ్గినంక మీ అమ్మను పిలుచుకోని మా ఇంటికి రా," అంది చిక్కమ్మ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది. "ఊరోళ్ళు ఏమన్నా అనుకోనీ. నువ్వు రా నాయనా."