స్కూటర్ మీద ఎల్లన్న

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివే మరదలు గంగామణి కామారెడ్డిలో రైలు దిగేసరికి సిద్దిరాములు ముఖం చాటంత అయింది. లింగంపేట దాటేలోగా మాడిపోయింది.

అది తొంభై నాలుగు, జూలై. పొద్దున్నే మేనమామ గంగారాం కబురు పంపాడు. పిల్లను ఎల్లారెడ్డికి తీసుకొచ్చేలోపు నువ్వే అడుగు, ఒప్పుకుంటే శ్రావణంలో లగ్గం, లేదంటే మెదక్ సంబంధం వాళ్లకు మాటిచ్చేస్తానన్నాడు. సిద్దిరాములు మోటార్లు బాగుచేస్తాడు. ఎంత మొండి పంపునైనా లొంగదీస్తాడు గానీ, ఈ ఒక్క ముక్క అడగడం మాత్రం చేతకాలేదు. ఆమెను స్కూటర్ ఎక్కించుకున్నాక, మాట కలపాలని చదువెట్లుందని అడిగాడు. అదే తప్పయింది.

గాలికి సగం మాటలు ఎగిరిపోయాయి. చెవిన పడినవన్నీ ఎల్లన్న గురించే. రెండేళ్లుగా ఎల్లన్నతోనే ఉందట. నిద్రలో కూడా ఎల్లన్నేనట. ఎల్లన్న లేకపోతే అతుక్కోవడమే ఉండదట.

అతుక్కోవడమా! సిద్దిరాములుకు ఒళ్లు భగ్గున మండింది. వాడెవడో, ఏ ఊరివాడో! ఒక్క గుంత కూడా తప్పించకుండా స్కూటర్ ఉరికించాడు. నడుం విరుగుతోందని గంగామణి మొత్తుకున్నా వినలేదు.

ఇంతలో వాన అందుకుంది. దారి పక్క చాయ్ హోటల్ రేకుల కింద నిలబడ్డారు. తడిసిన జడ పిండుకుంటూ ఆమె ఓరగా చూసి, ఏమైందని అడిగింది.

"గా ఎల్లన్ననే చేసుకో పో. నన్నెందుకు సతాయిస్తవ్?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద కూలబడి నవ్వింది.

"ఎల్లన్న కాదు బావా, ఎల్ వన్. అదొక జీన్. కడుపుల బిడ్డకు మెదడు తయారయ్యేటప్పుడు కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలె కద, గా పట్టు దానివల్లనే వస్తది."

సిద్దిరాములుకు సిగ్గేసింది. కుళ్లు మాత్రం తగ్గలేదు. మనిషి కాకపోతేనేం, రెండేళ్లు ఆమె పక్కనున్నది అదే కదా. ఆ మాటా అనేశాడు. ఆ ఊపులోనే వాన వైపు చూస్తూ అడిగేశాడు.

"నన్ను చేసుకుంటవా? నువ్వు ఇంకొకని పక్కన కూసుంటే నేను సూడలేను, మణీ."

గంగామణి నవ్వు ఆగింది. చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది.

"మెదక్ సంబంధం లేదు, ఏం లేదు. చేసుకుంటే బావనే చేసుకుంట అని పోయిన నెలనే బాపుకు చెప్పిన. కానీ నువ్వే నోరు తెరిచి అడగాలె అన్న. గందుకే నిన్ను గట్ల బెదిరిచ్చిండు."

సిద్దిరాములు గబుక్కున చాయ్ గుటకేసి నాలుక కాల్చుకున్నాడు. వాన వెలిసింది. ఇద్దరిలో ఎవరూ స్కూటర్ వైపు కదల్లేదు.