చెవికి ట్యాగున్న ఆవు

“ఈ ఆవు బొమ్మ మహితే గీసిందా?” అని స్రవంతి అడిగింది.

“అవును మేడం. ఇంట్లో ఎప్పుడూ గీస్తానే ఉంటాది,” అన్నాడు ధర్మేంద్ర, ఆమె కళ్లలోకి మాత్రం చూడకుండా.

“మూడున్నరేళ్ల పిల్ల ఆవు చెవికి పసుపు ట్యాగు ఏసిందా? దాని మీద పన్నెండంకెల నంబరు కూడానా?”

“ఆ నంబరు మా ఆవు గౌరిదే మేడం...” అని నోరు జారాడు. ఆ తర్వాత నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది.

పాపం, అతని తప్పేం లేదు. పొద్దున్నే పలమనేరు పాల సెంటర్లో ఉద్యోగం, ఇంటికొస్తే ఆరు ఆవులు. ఆవంటే చెవికి ట్యాగు ఉండాల్సిందేనని చేతికి అలవాటైపోయింది. పిల్లల చేత నచ్చిన జంతువు గీయించి పంపండని, పగటిపూట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ వాళ్లు కాగితం ఇచ్చారు. మేనకోడలు క్రేయాన్ ముట్టుకోలేదు. మామే శ్రద్ధగా గీసి పంపాడు.

“అబద్ధం ఎందుకు చెప్పినారు?” స్రవంతి నవ్వు ఆపుకుంటూనే గట్టిగా అడిగింది.

ధర్మేంద్ర గొంతు తగ్గించాడు. “పది దినాలుగా పాప ఈడ ఏడస్తానే ఉండాది. ఒక్క మాట మాట్లాడదు. మా బావది శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పని, పదైదు దినాలకొకసారి వస్తాడు. నెలాఖరుకు పాప కుదురుకోకపోతే మా అక్క గార్మెంట్స్‌లో పని మానేస్తానంటాది. బొమ్మ బాగుంటే మీరైనా పాపను వద్దనరు గదా అని...”

స్రవంతి ముఖంలో నవ్వు పోయింది. పూతలపట్టు నుంచి వచ్చి ఆ క్రెష్ నడుపుతున్న ఆ అమ్మాయి, ఇంత కంగారును ఒక ఆవు బొమ్మ వెనక దాచుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు.

“పిల్లల్ని వద్దనేదానికా నేనుండేది?” అని గోడ మీద చార్టు చూపించింది. అందులో మూడు గడులు. ఏం చేస్తాం, ఎందుకు చేస్తాం, పిల్లలు ఏం చేశారు.

“సోమవారం బియ్యప్పిండి ముద్ద పిసకడం,” అని చదివాడు ధర్మేంద్ర. “పిండి పిసికితే చదువెట్లా వస్తాది మేడం?”

“పాలు పిండను నేర్చుకున్న మొదటి దినమే బకెట్టు నింపినారా మీరు?”

“యాడ? రెండు దినాలు బొటనవేలు నొప్పి.”

“పెన్సిలైనా అంతే. ముందు వేళ్లకు బలం రావల్ల. అది కూడా ఆ పిల్లకు ఇష్టమైన పనితో రావల్ల.” చేతిలోని ఆవు బొమ్మ చూస్తూ, “ఇంట్లో మహితకు ఏమిష్టం?” అంది.

“పాలు పిండతా ఉంటే పక్కన కూర్చోవడం.”

“అయితే గురువారం ఒక ఆవును తెండి.”

“గౌరినా? అది మెట్లెక్కదు మేడం!”

ఈసారి స్రవంతి నవ్వు ఆపుకోలేకపోయింది. బయట చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెచ్చుకున్న సంగతి మరచిపోయి, ధర్మేంద్ర వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డాడు.

గురువారం రెండు కుర్చీల మధ్య కర్ర కట్టారు. దానికి ధర్మేంద్ర తెచ్చిన రబ్బరు గ్లౌజును పొదుగులా వేలాడదీసి, నీళ్లలో కాసిని పాలు కలిపి నింపారు. వేళ్ల కొసల్లో సూదితో చిన్న బెజ్జాలు, కింద గిన్నె. పిల్లలంతా ఎగబడి లాగారు. చుక్క చుక్క రాలడమే తప్ప ధార రాలేదు.

మూలన కూర్చున్న మహిత కాసేపు చూసింది. ఇక ఓర్చుకోలేక లేచి వచ్చింది.

“అట్ల కాదు. పైన పట్టుకోని కిందికి ఒత్తల్ల!”

ధార సర్రున గిన్నెలో పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. “నువ్వు గిన్నె పట్టుకో. నువ్వు ఆవును బెదిరీకు,” అని మహిత అందరికీ పనులు పురమాయించడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ ధర్మేంద్రకు కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రం తీసుకెళ్లడానికి వస్తే, “ఇంకొంచేపుంటా మామా,” అంది ఆ పిల్ల.

మర్నాడు అతని అక్క మునిలక్ష్మి షిఫ్టుకు పోతూ వచ్చి స్రవంతి రెండు చేతులూ పట్టుకుంది. “నా పని నిలబెట్టినావు తల్లీ.”

“ఆవును తెచ్చింది మీ తమ్ముడే గదా అక్కా,” అంది స్రవంతి.

రెండు వారాల తర్వాత, శనివారం ధర్మేంద్ర మహితతో పాటు రెండు కాగితాలు తెచ్చాడు. మొదటిది మహిత గీసిన ఆవు. ఒక సున్నా, కింద ఏడు కాళ్లు, పక్కన పెద్ద పసుపు మరక.

“ఇదేంది?”

“ట్యాగు మేడం. ఒట్టు, ఈసారి నేను చెయ్యి పెట్టలేదు.”

రెండో కాగితం మీద మూడు గడులు గీసి ఉన్నాయి. స్రవంతి చదివింది. ‘ఏం చేస్తాం: మీరు సరేనంటే, రేపు మా అమ్మ, అక్క పూతలపట్టులో మీ ఇంటికి వస్తారు. ఎందుకు: మా పాప నవ్వింది మీ వల్ల. మా ఇల్లు నిమ్మళంగా ఉండేది మీ వల్ల. ఒక్క దినం థాంక్స్ చెప్తే సరిపోదు, దినామూ చెప్పాలని ఉండాది.’

మూడో గడి ఖాళీగా ఉంది.

“అది మీరే నింపల్ల,” అన్నాడు ధర్మేంద్ర. “ఇంకొకటి అడగాలి. ఈడికొచ్చే మగోళ్లందర్నీ అన్నా అంటారు. నన్ను ఒక్కసారీ అనలేదే?”

“ట్యాగు చూసిన దినం నుంచే జాగ్రత్తగా ఉండాను,” అంది స్రవంతి, తల ఎత్తకుండా.

మహిత చేతిలోని పసుపు క్రేయాన్ అడిగి తీసుకుని మూడో గడిలో రాసింది. ‘సరే. రేపు మా నాయన ఇంట్లోనే ఉంటాడు. టీకి పాలు మాత్రం గౌరివే తేవల్ల.’