ఒంటిచేత్తో మూసే కత్తి

"ఇది కూడా పనికిరాదండీ," అంటూ ఆ అమ్మాయి కత్తిని కౌంటర్ మీద పెట్టింది. ఆమె గొడుగు నుంచి నీళ్లు గాజు కౌంటర్ మీదికి ధారగా కారుతున్నాయి. ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు.

డెమోకి చురుక్కుమంది.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. క్యాంపింగ్ సామాను అమ్మే ఆ షాపులో మాత్రం అందరూ డెమో అనే పిలుస్తారు. మడత కత్తుల కౌంటర్ అతనిది. ఎవరైనా ఊరికే ధర అడిగి పోదామని వచ్చినా, కత్తి తెరిచి, మూసి, తిప్పి, పావుగంట ప్రదర్శన ఇవ్వందే వదిలిపెట్టడు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా అతను దాన్ని బిరుదులా మోస్తున్నాడు. చేతిలో కత్తి ఉండగా తడబడటమన్నది తన చరిత్రలో లేదని అతని గర్వం.

"మొన్న తీసుకెళ్లినదాన్ని కూడా ఇదే మాట అన్నారు," అన్నాడు.

"దాన్ని గోటితో లాగి తెరవాలి. పట్టుకోవడానికి ఒక చెయ్యి, లాగడానికి ఒక చెయ్యి."

"అందుకేగా దీన్నిచ్చాను. పెద్ద సైజు స్విస్ కత్తుల్లో ఇది రాజు. బ్లేడుకి రంధ్రం ఉంది, బొటనవేలితో తోస్తే ఒక్క చేత్తో తెరుచుకుంటుంది."

"తెరుచుకుంటుంది. మూసుకోదు."

డెమో నవ్వాడు. ఇలాంటి మాట కోసమే అతను ప్రతిరోజూ ఎదురుచూస్తాడు. "దీన్ని స్లైడ్ లాక్ అంటారండీ. బ్లేడు తెరవగానే తాళం పడిపోతుంది, వేళ్ల మీదికి మడతపడదు. మూయాలంటే ఈ బుడిపెని వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇలా మడవాలి."

"రెండో చేత్తో."

"అవునండీ."

"అదే కుదరదంటున్నాను."

"ఎందుకు కుదరదు? రెండో చేత్తో ఫోన్ పట్టుకుంటారా ఏంటి?"

పక్క కౌంటర్లో బూట్లు అమ్మే అక్క కిసుక్కున నవ్వబోయి, ఆ అమ్మాయి మొహం చూసి ఆగిపోయింది.

"మా నాన్నకి రెండో చెయ్యి పనిచేయదు," అంది ఆ అమ్మాయి. "పక్షవాతం. మీరు జాలి మొహం పెట్టకండి. చుట్టాలందరి దగ్గరా అది చూసీ చూసీ విసుగొచ్చింది. కత్తి ఉందో లేదో చెప్పండి చాలు."

డెమో పెట్టబోయిన మొహాన్ని వెంటనే సర్దుకున్నాడు. ఆమే చెప్పుకొచ్చింది. వాళ్లది టెంట్లు కుట్టే వర్క్‌షాప్. నాన్న మొదలుపెట్టాడు, ఇప్పుడు ఆమె నడుపుతోంది. ఒంట్లో కాస్త నెమ్మదించాక ఆయన ఒకరోజు కిందికి దిగి, జేబులోని పాత కత్తిని పళ్లతో లాగి తెరిచి తాడు కోశాడు. మూయడం మాత్రం చేతకాలేదు. తను పని నేర్పిన మనిషినే పిలిచి, "ఇది కాస్త మూసిపెట్టు" అని అడగాల్సి వచ్చింది. మర్నాటి నుంచి ఆయన మేడ దిగడం మానేశాడు.

"టేబుల్ మీద మామూలు కత్తి పెట్టొచ్చుగా?" అన్నాడు డెమో.

"ఆయన ఒకచోట కూర్చునే రకం కాదండీ. టెంటు చుట్టూ తిరుగుతూ పనిచేస్తారు. తెరిచిన కత్తి జేబులో వేసుకుని తిరగమంటారా?"

"వద్దు వద్దు. అయితే మీకు కావలసింది లైనర్ లాక్." డెమోకి హుషారు వచ్చేసింది. ఇంకో కత్తి తీసి ఎడమచేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. "చూడండి. పిడి లోపల పల్చటి రేకు ఉంది. బ్లేడు తెరవగానే ఆ రేకు వెనకాల అడ్డం పడుతుంది. మూయాలంటే బొటనవేలితో రేకుని పక్కకి నొక్కి, చూపుడువేలితో బ్లేడు తోసి, మిగతాది తొడకి ఆనించి నొక్కడమే. అంతా ఒక్క చేత్తోనే."

"అది సరే గానీ..."

"కళ్లు మూసుకుని కూడా చేస్తాను." చేశాడు కూడా.

ఆమె ఏదో అనబోయి, ఆ ఉత్సాహానికి అడ్డం రాలేక కత్తి తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు డెమోకి రెండు రోజులు సరిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ ప్రత్యక్షమైంది, చేతిలో అదే కత్తి.

"మొన్న మీరు ఏ చేత్తో చేసి చూపించారు?"

"కుడిచేత్తో."

"మా నాన్నకి పనిచేసేది ఎడమచెయ్యి."

డెమో తన రెండు చేతులూ చూసుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా?"

"నన్ను మాట్లాడనిస్తేగా?"

"అదైతే నిజం," అంది బూట్ల అక్క.

డెమో కత్తిని ఎడమచేతిలోకి తీసుకున్నాడు. రేకు అవతలి వైపుకు పోయింది, బొటనవేలు అందలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇన్నేళ్లుగా ఎంతమందికో కత్తులు చూపించి, ఏ చేతికి కావాలని ఒక్కరినీ అడగలేదని అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గేసింది.

"నాకు కొంచెం టైమివ్వండి. ఈసారి సరైనది దొరికాకే చేతికిస్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కుడిచేతిని బెల్టులో దోపుకుని పనిలోకి దిగాడు. షాపంతా ఒకటే నవ్వులు. టీ ఒలికింది, చొక్కా బొత్తం ఊడితే మళ్లీ పెట్టుకోలేకపోయాడు, షట్టరు సగంలోనే ఇరుక్కుంది. షాపులో ఉన్న పెద్ద కత్తులన్నీ వరసగా ఎడమచేతిలోకి వచ్చి వెళ్లాయి. చాలావరకు బాగానే తెరుచుకున్నాయి. మూసేటప్పుడే ఒక్కొక్కటీ మొండికేసింది. తెరవడం గురించి కత్తులు చేసేవాళ్లంతా ఆలోచించారు గానీ, ఒంటిచేత్తో మూసేవాళ్ల గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువని అతనికి అర్థమైంది.

సాయంత్రమయ్యేసరికి టెంట్ల అమ్మాయి వచ్చేది. "దొరికిందా?" అని అడిగి, లేదంటే వెంటనే వెళ్లిపోకుండా వాన తగ్గేదాకా నిలబడేది. ఒకరోజు వాన లేకపోయినా నిలబడింది.

"నువ్వు కత్తి వెతుకుతున్నావా, సాయంత్రం కోసం చూస్తున్నావా?" అంది బూట్ల అక్క.

"రెండూనూ," అన్నాడు డెమో, దాచకుండా.

చివరికి కావలసిన కత్తి, వాపసు వచ్చిన సామాను పెట్టెలో దొరికింది. లైనర్ లాకే, కానీ రేకు తప్పు వైపున ఉందని కొన్నవాళ్లంతా తిట్టి తిరిగి ఇచ్చేసిన మోడల్. డెమో కూడా దాన్ని ఉల్టాది అని వెక్కిరించి ఆ పెట్టెలో పడేసినవాడే. ఎడమచేతిలోకి తీసుకోగానే రేకు సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చింది. టక్కున తెరుచుకుంది. రేకు నొక్కితే మెత్తగా మూసుకుంది. సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను ఆగకుండా, చూడకుండా తెరిచి మూయడం నేర్చేసుకున్నాడు.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది. "రేపు మీరే వచ్చి చూపించండి," అంది. "నేను తీసుకెళ్తే ఆయన ముట్టుకోరు. కత్తుల మీద కత్తులు తెస్తున్నానని నా మీద అలిగారు."

మర్నాడు వాన వెలిసింది. వర్క్‌షాప్ హాలు నిండా కాన్వాసు పరిచి ఉంది. గోడ వెంట కుట్టుమిషన్లు, కొక్కేలకు తాళ్ల చుట్టలు. పెద్దాయన మేడమీద కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చప్పుడుని బట్టి కింద ఏ మిషన్ ఎవరు తొక్కుతున్నారో చెప్పగలరని మెట్లెక్కుతూ ఆమె చెప్పింది. గర్వంగా చెప్పింది.

"మళ్లీ కత్తేనా?" అన్నాడు పెద్దాయన తల తిప్పకుండానే. "చాలమ్మా. ఈ ఇంట్లో కూరగాయలు కూడా అన్ని లేవు."

"అమ్మడానికి రాలేదండీ," అన్నాడు డెమో. "ఎడమచేత్తో నేర్చుకుంటున్నాను. సరిగ్గా వస్తోందో లేదో చూస్తారేమోనని."

ఆయన తల తిప్పాడు. డెమో కత్తిని చక్కగా, టక్కున తెరిచాడు. అది చూసి ఆయన ఎడమచెయ్యి మోకాలి మీది నుంచి మెల్లగా దుప్పటి కిందికి వెళ్లిపోయింది.

డెమో ఆ చేతిని చూశాడు. తను ఎంత బాగా చేస్తే ఈయన అంత దూరం జరిగిపోతాడని అర్థమైంది. గుండె గట్టి చేసుకుని రేకు మీది నుంచి వేలు జారనిచ్చాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ జారింది. కత్తి చేతిలో గెంతింది. వెనక ఆమె నిలబడి చూస్తోందని తెలిసి అతని చెవులు వేడెక్కాయి.

"ఏమిటా పట్టుకోవడం?" అన్నాడు పెద్దాయన. "చివర పట్టుకుంటే వేలెలా అందుతుంది?"

"ఇలాగాండీ?"

"నీ మొహం. ఇటివ్వు."

ఆయన తెరిచాడు. ఒకసారి తేరిపార చూశాడు. బొటనవేలు రేకుని నొక్కింది, చూపుడువేలు బ్లేడుని తోసింది, తొడకి ఆనించగానే కత్తి మూసుకుంది. ఇంకోసారి చేశాడు. మూడోసారి కత్తి వంక చూడనే లేదు.

"నీకు కొంచెం కష్టమే బాబూ," అని కత్తిని జేబులో వేసుకుని లేచాడు. కూతురు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. కింద మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ తర్వాత ఆయన గొంతు వినిపించింది. "చూస్తారేంటి, ఆ తాడు ఇటు పట్టుకురండి."

ఆమె కళ్ల నిండా నీళ్లు. "మా నాన్న," అంది, ఎవరికో కొత్తగా పరిచయం చేస్తున్నట్టు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "కావాలనే చేశారు కదూ?"

"కంగారు పడ్డానండీ."

"మీరా? నిన్న సాయంత్రం ఆ చెయ్యి నేను చూశాను."

ఇక అబద్ధం చెప్పడం అతనివల్ల కాలేదు. "ఆయనకి చెప్పకండి."

"కత్తి పట్టుకుంటే మీకంత గర్వం. ఆయన ముందు, నా ముందు అలా..."

"ఇప్పుడే ఎక్కువ గర్వంగా ఉందండీ. ఇంత మంచి డెమో నా జన్మలో ఇవ్వలేదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఆలోచనలో పడింది. "ఒక చిక్కుంది. ఇకమీదట ఆయన ముందు ఎప్పుడు కత్తి పట్టుకున్నా నువ్వు ఇలాగే తడబడాలి."

మీరు కాస్తా నువ్వు అయిందని డెమో గమనించాడు. "ఎన్నాళ్లు?"

"నువ్వు మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నన్నాళ్లూ."

"నాకు జీవితాంతం రావాలని ఉంది," అన్నాడు డెమో. "నువ్వంటే ఇష్టం. ఫోన్ గురించి పిచ్చి జోకు వేశాక నీ మొహం చూశాను చూడు, అప్పటినుంచీ."

"అయితే జీవితాంతం తడబడు," అంది ఆమె. చెప్పి, చెయ్యి పట్టుకుంది.

పెళ్లి మాటలు ఖాయం చేసుకోవడానికి రెండు కుటుంబాలూ వర్క్‌షాప్‌లోనే కలుసుకున్నాయి. ఆ రోజు కోసం పెద్దాయన దగ్గరుండి కట్టించిన టెంటుకి ఒక ముడి బిగుసుకుపోయింది. "కత్తుల మనిషివి, నువ్వు కొయ్యవయ్యా," అని ఎవరో అన్నారు. పెద్దాయన తన కత్తి అందించాడు.

డెమో దాన్ని ఎడమచేత్తో తీసుకున్నాడు. ఎలాగో తెరిచి ముడి కోశాడు. మూయబోతే వేలు జారింది, మళ్లీ జారింది. ఇదేం విడ్డూరమని అతని తల్లి నోరెళ్లబెట్టింది. బూట్ల అక్క నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. కాబోయే పెళ్లికూతురు మాత్రం అతని వంకే చూస్తోంది, ఇంతమందిలో అంతటి మొనగాడు లేడన్నట్టు.

పెద్దాయన కత్తి తీసుకుని, చూడకుండానే మూసి, జేబులో వేసుకున్నాడు. ఆ చేతినే డెమో భుజం మీద వేసి అందరికీ వినపడేలా చెప్పాడు.

"మా అల్లుడు బంగారం. కత్తి పట్టడమొక్కటే రాదు. నేనున్నాగా, నేర్పుతాను."

"సరే మావయ్యా," అన్నాడు డెమో.